చెల్లి పెళ్ళికి ఇంట్లోనే ఏమేం చేసుకోవచ్చు? ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి అడుగుతున్నాను

పర్లాకిమిడి_అక్క:
అందరికీ నమస్కారం. ఫాల్గుణంలో మా చెల్లి పెళ్ళి. అబ్బాయిది బరంపురం, ఒడియా కుటుంబం. పెళ్ళి మా ఇంటి ముందే పందిరి వేసి చేస్తున్నాం. 300 మంది వస్తారని లెక్క. ఇంకా నాలుగు నెలలు టైముంది.

డెకరేషన్ వాళ్ళని ఇద్దరిని పిలిచి మాట్లాడాం. థర్మోకోల్ ఏనుగులు, ప్లాస్టిక్ పూలు, ఎక్కడ చూసినా ఉండే ఫోటో ఫ్రేములు చూపించారు. చెల్లి ఏమీ మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి నా పక్కన పడుకుని, "అక్కా, మనింటి పెళ్ళిలా ఉంటే చాలు" అంది. అప్పటినుంచి నాకు అదే ఆలోచన.

మనసులో ఉన్నవి ఇవి: శుభలేఖ, అడ్డుతెర, బాసికాలు, తలంబ్రాలు, కొబ్బరి బోండాం, మేనమామ మోసుకొచ్చే గంప, భోజనాలకి ఆకులు, వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి ఏదైనా. ఇంట్లో పనికి నేను, చెల్లి, పిన్ని, ఇద్దరు పిల్లలు ఉన్నాం. నాన్నమ్మకి 82 ఏళ్ళు, చెయ్యి ఇంకా వణకదు. నేనూ చెల్లీ ఒడియా మీడియంలో చదివాం, తెలుగు చదువుతాం, ఇలా ఫోన్లో టైపు చేస్తాం కానీ కలం పట్టి అందంగా రాయడం రాదు. ఇంట్లో తెలుగు ముత్యాల్లా రాసేది నాన్నమ్మ ఒక్కతే. వీటిలో ఏవి మేం చేసుకోగలం, ఏవి పని వచ్చినవాళ్ళకి వదిలేయాలి?

బరంపురం_కోడలు:
చెల్లీ, నేను తెలుగింటి నుంచి ఒడియా ఇంటికి కోడలిగా వచ్చి 11 ఏళ్ళయింది. నా పెళ్ళికి అన్నీ మేమే చేసుకున్నాం. ముందురోజు రాత్రి రెండింటి దాకా మా అమ్మ బంతిపూల దండలు కట్టింది. తెల్లవారుజామున ముహూర్తం. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి అమ్మ స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. ఫోటోల్లో ఆవిడ కళ్ళు తెరిచి ఉన్నవి రెండే. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే నేను ఎవరికైనా ఒకటే చెప్తాను. పీటల మీద కూర్చున్న ఇద్దరి చేతికీ ఒంటికీ తగిలేవి మీరు చెయ్యండి. తెర, బాసికం, తలంబ్రాలు, బోండాం. పైన వేలాడేవి, గుమ్మానికి కట్టేవి, దూరం నుంచి కనిపించేవి డబ్బిచ్చి చేయించండి. పూలు అస్సలు మీద వేసుకోకండి. తెల్లారి వాడిపోయే దానికి ఇంట్లో ఆడవాళ్ళ నిద్ర పోకూడదు.

ఇంకో మాట. అబ్బాయి తరఫువాళ్ళు ముకుట (ఒడియా పెళ్ళిళ్ళలో తలకి పెట్టే కిరీటం) తెస్తారు కదా, అడిగి కొలత తీసుకోండి. ముకుట నుదుటి మీదకి దిగుతుంది, బాసికం కట్టేదీ అక్కడే. మాకు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, పంతులుగారు బాసికం విప్పి మళ్ళీ కట్టాల్సి వచ్చింది.

రాయగడ_రైల్వే:
అమ్మా, ఆకుల సంగతి నేను చెప్తాను. మన వైపు ఉండి ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ ప్లేట్లు కొనడం ఎందుకు? అడ్డాకు విస్తర్లు పెట్టండి. కొండల మీది ఆడవాళ్ళు అడవిలో అడ్డతీగ ఆకు కోసి, ఎండబెట్టి, సన్నటి వెదురు పుల్లలతో కుట్టి సంతకి తెస్తారు. ఈ పని మీరు నేర్చుకుని చెయ్యాలని చూడకండి. ఒకసారి ఒకావిడ దగ్గర కూర్చుని చూశాను. ఒక ఆకు అంచు మీద ఇంకో ఆకు రెండు వేళ్ళంత ఎక్కించి, నునుపు వైపు పైకి ఉంచి, పుల్ల గుచ్చి విరిచేస్తుంది. పుల్ల కొస ఎక్కడా పైకి పొడుచుకు రాదు. ఒక విస్తరి అయ్యేలోపు నేను మూడు పుల్లలు విరగ్గొట్టాను.

నెల ముందే చెప్పి ఉంచండి, బేరం ఆడకండి. 300 మంది, రెండు పూటలు అంటే 600, చిరిగినవీ లెక్క తప్పినవీ కలిపి 700 చెప్పండి. మీరు చెయ్యాల్సింది ఒకటే. ఎండు ఆకు పెళుసుగా ఉంటుంది, వడ్డించే ముందు తడిగుడ్డతో తుడిచి కాసేపు దొంతరగా పెట్టి ఉంచితే మెత్తబడుతుంది. అలా చెయ్యకపోతే పప్పు పోయగానే పగులుతుంది.

గంప కూడా అంతే. మేదరి వాళ్ళ దగ్గర చేయించండి, కానీ అడుగున రెండు వెదురు బద్దలు అడ్డంగా అదనంగా వెయ్యమని చెప్పండి. ఇంటికి రాగానే ఒక బియ్యం బస్తా పెట్టి ఇద్దరు మగవాళ్ళతో ఎత్తించి చూడండి. మా మేనకోడలి పెళ్ళిలో పందిట్లోనే గంప చెవి ఊడింది. పిల్లకి దెబ్బ తగల్లేదు కానీ మా బావమరిది ఆ రోజంతా ముద్ద ముట్టలేదు. గంప బయట పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, అంచుకి ఎర్ర గుడ్డ కుట్టడం మీ పిల్లలు చేస్తారు.

గుణుపురం_మాస్టారు:
పర్లాకిమిడి అమ్మాయీ, శుభలేఖ గురించి నేను రాస్తాను. మిగతా వాటిలో నాకు ప్రవేశం లేదు.

నాలుగేళ్ళ క్రితం మా అబ్బాయి పెళ్ళికి ఒక ప్రెస్సులో కార్డు వేయించాను. తెరమీద చూసినప్పుడు బాగానే ఉంది. అచ్చయి వచ్చాక చూస్తే ఒత్తులన్నీ ఊడిపోయాయి. "పెళ్ళి" కాస్తా "పెళి" అయింది, "శ్రీరస్తు"లో స్తు విడిపోయి పక్క అక్షరం మీద కూర్చుంది. 400 కార్డులు. అవి పంచడానికి నాకు చెయ్యి రాలేదు. మూడు రాత్రులు కూర్చుని ఎర్ర సిరాతో ఒత్తులు దిద్దాను. ఒక కంప్యూటర్లోని అక్షరాల ఫాంటు ఇంకో కంప్యూటర్లో లేకపోతే ఇలా అవుతుందని తర్వాత తెలిసింది. మీరు టైపు చేయిస్తే యూనికోడులో చేయించి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. కాగితం మీద ఒక కాపీ తీయించి, తెలుగు బాగా చదివే ఇద్దరు పెద్దలకి చూపించాకే అచ్చుకి ఒప్పుకోండి.

కానీ మీ ఇంట్లో నాన్నమ్మగారు ఉండగా టైపు ఎందుకమ్మా? ఆవిడ చేత రాయించండి. గీతలు లేని తెల్ల కాగితం, నల్ల జెల్ పెన్ను. కింద గీతల కాగితం పెడితే వరస వంకర పోదు. అసలు కార్డు కంటే పెద్ద సైజులో రాయించి, 600 డీపీఐలో స్కాన్ చేయించి తగ్గించుకుంటే అంచులు శుభ్రంగా వస్తాయి. ఆవిడ బండి ఱ రాసినా, ఎక్కడైనా అరసున్న పెట్టినా దిద్దకండి.

భాష గురించి ఒక విన్నపం. "ఆహ్వాన శుభపత్రిక, విజ్ఞప్తి చేయు విజ్ఞాపన" అని గాలి నింపిన మాటలు వద్దు. మీది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిన ఊరు, వాడుక భాష కోసం ఆయన పోరాడిన ఊరు. కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం పుస్తకాలు రాసిందీ అక్కడే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ ఊళ్ళో తెలుగు కార్డు వేస్తూ, మనం మాట్లాడుకునే తెలుగు కాకుండా ఇంకేదో రాస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఇలా ఉంటే చాలదా?

"ఫాల్గుణంలో మా అమ్మాయి పెళ్ళి. మా ఇంటి ముందు పందిట్లో చేస్తున్నాం. మీరు ఇంటిల్లిపాదీ వచ్చి అక్షింతలు వెయ్యాలి. రెండు రోజుల ముందే వస్తే పసుపు దంపడానికీ మీరే ఉంటారు, మాకు ఇంకా సంతోషం."

పర్లాకిమిడి_అక్క:
మాస్టారూ, మీరు రాసింది నాన్నమ్మకి చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, "పెన్ను తేవే" అంది. ఒక కాగితం నింపి, నచ్చక చింపేసి, మళ్ళీ మొదలుపెట్టింది. ఆవిడ చింపిన కాగితం కూడా నేను దాచుకున్నాను.

బరంపురం కోడలక్కా, మీ అమ్మగారి మాట చదివాక పూల ఆలోచన మానుకున్నాం. మామిడి తోరణాలు మాత్రం పిల్లలు కడతామంటున్నారు, అవి చెయ్యనివ్వమంటారా?

బరంపురం_కోడలు:
తోరణాలు చెయ్యనివ్వు. తాడుకి 21 ఆకులు, తొడిమని వెనక్కి మడిచి ఆకులోనే గుచ్చితే దారం అక్కర్లేదు. ముందురోజు సాయంత్రం కట్టి, తడిగుడ్డలో చుట్టి వెదురు బుట్టలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే లోపల ఉక్కకి నల్లబడతాయి.

జయపురం_పిల్ల:
అక్కా నేను డ్రాయింగ్ నేర్చుకున్నాను. అడ్డుతెర మీద సవర బొమ్మలు వేస్తే చాలా బాగుంటుంది. లాంజియా సవర చిత్రకళకి 2024లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సొంత సరుకని ప్రభుత్వం ఇచ్చేది) కూడా వచ్చింది. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి మనుషులు చేతులు పట్టుకుని వరసగా ఆడుతుంటారు కదా, అది పెళ్ళి తెరకి సరిగ్గా సరిపోతుంది!

గుణుపురం_మాస్టారు:
అమ్మాయీ, బొమ్మ అందం గురించి నువ్వన్నది నిజమే. కానీ సవరల ఇళ్ళలో ఆ బొమ్మ గోడకి అలంకారం కాదు. ఇడితాల్ అంటారు, దేవతలకీ చనిపోయిన పెద్దలకీ మొక్కి వేసేది. మా ఊరి చుట్టూ కొండల్లో నేను చూశాను, దాని ముందు పూజ చేస్తారు. ఎవరి పెద్దల కోసమో గీసిన దాన్ని మన తెర మీదకి దించుకోవద్దు. కావాలంటే అమ్మకానికి గీసే సవర కళాకారుల దగ్గర ఒక చిత్రం కొని కొత్త జంటకి ఇవ్వండి.

జయపురం_పిల్ల:
నాకు తెలియదు మాస్టారూ. ఇక ఆ ఆలోచన వదిలేశాను. చెప్పినందుకు థాంక్స్.

ఇచ్ఛాపురం_బావ:
నేను సరిహద్దు అవతల ఆంధ్రా వైపువాణ్ణి, అయినా చెప్తాను. తెర గుడ్డకి పొందూరు ఖాదీ తీసుకోండి. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి వడికే నూలు అది, రంగు బాగా పీలుస్తుంది. చేతి కానుకగా ఏటికొప్పాక కుంకుమ భరిణెలు బాగుంటాయి. అంకుడు కర్ర, లక్క, సహజమైన రంగులు. బుడితి ఇత్తడి గిన్నెలు కూడా అనుకున్నాను కానీ 300 మందికి ఖర్చు ఎక్కువ, దగ్గరి బంధువులకి చాలు.

రాయగడ_రైల్వే:
బావగారూ, భరిణెలు మంచివే. కానీ గజపతి జిల్లాలో ఉండి ఈత బెల్లం మర్చిపోతే ఎలా? చలికాలంలో పులవని ఈత నీరా కాచి చేసేది. దానికీ 2024లోనే జీఐ వచ్చింది. ఫాల్గుణం నాటికి కొత్త బెల్లం దొరుకుతుంది. చిన్న ముక్కలు ఎండుటాకులో చుట్టి పురికొస కట్టి ఇస్తే, ఇంటికెళ్ళి పరమాన్నం వండుకుంటారు. అలమారలో దుమ్ము పట్టే వస్తువు కంటే అది నయం. ఎండ తగలకుండా చూసుకోండి, కరిగిపోతుంది.

పర్లాకిమిడి_అక్క:
బెల్లమే ఖాయం చేశాం, అమ్మకి బాగా నచ్చింది. అడ్డుతెర దగ్గర ఒక చిక్కు వచ్చింది. పాత చీర ముక్క మీద ట్రయల్‌గా "శుభమస్తు" అని రాశాం. అవతలి వైపు నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. పెళ్ళికూతురు ఒకవైపు, పెళ్ళికొడుకు ఇంకోవైపు కూర్చుంటారు కదా, ఎవరో ఒకరికి అద్దంలోలా తిరగబడిన అక్షరాలే. రాత వద్దు, శంఖం చక్రం చాలు అంటోంది పిన్ని. ఎర్ర రంగు కూడా పాకిపోయింది.

బరంపురం_కోడలు:
రాత మానకండి! రెండు గుడ్డలు తీసుకోండి. ఒక దాని మీద తెలుగు, ఇంకో దాని మీద ఒడియా. వీపులు కలిపి, మధ్యలో మందమైన తెల్ల లైనింగు పెట్టి చుట్టూ కుట్టేయండి. అప్పుడు వెలుతురు పడినా అవతలి అక్షరం ఇవతలికి కనిపించదు. పొడవు రెండు మీటర్లు, ఎత్తు మీటరుంపావు ఉంటే చాలు. పట్టుకునేవాళ్ళ చేతులకి పై అంచులో సన్నటి కర్ర దూర్చేలా గొట్టంలా కుట్టండి, లేకపోతే మధ్యలో జారి ముఖాలు ముందే కనిపిస్తాయి.

రంగు పాకడం గురించి. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, ముందు ఉతికి ఆరేసి ఇస్త్రీ చెయ్యండి. ఫాబ్రిక్ కలర్‌లో నీళ్ళు కలపకండి. కింద అట్ట పెట్టి, గుడ్డని పిన్నులతో బిగించి, అక్షరం అంచు ముందు సన్న కుంచెతో గీసి ఆరాక లోపల నింపండి. ఒక రోజంతా ఆరనిచ్చి వెనకవైపు నుంచి ఇస్త్రీ పెట్టండి.

నాన్నమ్మగారి అక్షరాలు గుడ్డ మీదకి దించడానికి మగ్గం వర్క్ వాళ్ళ పద్ధతి ఉంది. ఆవిడ చేత ట్రేసింగ్ పేపరు మీద పెద్ద అక్షరాలు రాయించి, గీత వెంబడే సూదితో దగ్గర దగ్గరగా గుచ్చండి. గుడ్డ మీద పరిచి, జింక్ పౌడరు కిరోసిన్‌లో కలిపి చిన్న గుడ్డతో అద్దితే చుక్కలు దిగుతాయి. కాగితం పాడవదు, ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. దీపం, పొయ్యి దగ్గర్లో లేకుండా, కిటికీ తెరిచి చెయ్యండి.

జయపురం_పిల్ల:
అక్కా ఒడియా వైపు ఎవరు రాస్తారు? మీరేనా?

పర్లాకిమిడి_అక్క:
నేనే రాద్దామనుకున్నాను. తర్వాత చెల్లి కాబోయే అత్తగారికి ఫోన్ చేసి అడిగింది. ఆవిడ కాసేపు మాట్లాడలేదట. "మా చేతి రాత ఎవరడుగుతారమ్మా" అన్నారట. నాలుగు రోజులకి బరంపురం నుంచి చుట్టిన కాగితం వచ్చింది. "శుభ బిబాహ" అని ఒడియాలో, గుండ్రటి అక్షరాలు, చుట్టూ ఝోటి ముగ్గులా తీగ. అమ్మ, నాన్నమ్మ ఆ కాగితాన్ని చాప మీద పరిచి చాలాసేపు చూశారు. మన మెలిక ముగ్గు, వాళ్ళ ఝోటి రెండూ బియ్యప్పిండివే కదా అంది నాన్నమ్మ.

ఇప్పుడు ఇంట్లో చర్చ ఏ రాత ఎవరి వైపు ఉండాలని.

ఇచ్ఛాపురం_బావ:
తెలుగు మీ పిల్ల వైపు ఉండాలి. ఆ టెన్షన్‌లో కళ్ళెత్తితే సొంత అక్షరం కనిపిస్తే ధైర్యం.

బరంపురం_కోడలు:
నేను ఒప్పుకోను బావగారూ. తెలుగు అబ్బాయికి కనిపించాలి, ఒడియా అమ్మాయికి కనిపించాలి. తెర దిగాక ఎవరి ముఖం చూడబోతున్నారో, ముందు ఆ ఇంటి అక్షరం చూడాలి. నా పెళ్ళిలో ఎవరైనా అలా చేసి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇచ్ఛాపురం_బావ:
మీరన్నదే బాగుంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జయపురం_పిల్ల:
బాసికాలు నేను చేసి పంపనా అక్కా? మా అమ్మమ్మ జీలుగు బెండు ముక్క మీద చేసేది. అట్ట కంటే తేలిక. బెండుని పల్చగా కోసి, మీద పట్టు గుడ్డ అతికించి, ముత్యాలు, జరీ దారం కుడతాను. బరంపురం అక్క చెప్పిన ముకుటకి ఒడిశాలో వాడేదీ ఇదే బెండు, దాన్ని వాళ్ళు శోల అంటారు. కొలత పంపితే నుదుటి మీద రెండూ తగలకుండా సన్నగా చేస్తాను.

పర్లాకిమిడి_అక్క:
నిన్ను ఎప్పుడూ చూడలేదు తల్లీ, అయినా చేస్తానన్నావు. కొలత మెసేజ్ పెట్టాను. చీర జరీ దారం కూడా పంపుతున్నాను. బరంపురం పట్టు, ఫొడా అంచు. నేసే దేరా వాళ్ళ పూర్వీకులు తెలుగు నేల నుంచి వచ్చినవాళ్ళే అని నాన్నమ్మ చెప్తుంది, అందుకే అదే కావాలంది.

రాయగడ_రైల్వే:
బోండాం ముందే రంగులు వెయ్యకండమ్మా. మా ఇంట్లో వారం ముందు పెయింట్ వేసి కవర్లో పెట్టారు. తీసేసరికి బూజు. రెండు రోజుల ముందు పీచు నునుపుగా చెక్కించి, నీడలో ఆరనిచ్చి, పసుపు పూసి కుంకుమతో గీతలు పెడితే చాలు. తాటాకు పందిరి వేస్తే హాలోజన్ లైట్లు ఆకుకి దూరంగా కట్టించండి, కింద రెండు బిందెల నీళ్ళు ఉంచండి.

తలంబ్రాలకి నూకలు లేని బియ్యం ఏరించండి. కిలోకి రెండు చెంచాల పసుపు, ఒక చెంచా నెయ్యి. నెయ్యి లేకపోతే పసుపు గింజకి పట్టదు, కళ్ళలో పొడి పడుతుంది. ఐదు కిలోలు చాలు.

పర్లాకిమిడి_అక్క:
(పెళ్ళయిన వారానికి రాస్తున్నాను)
అందరికీ దణ్ణాలు. పెళ్ళి బాగా జరిగింది.

బియ్యం పది రోజుల ముందు ఏరడం మొదలుపెట్టాం. భద్రాచలం రాముల వారి కళ్యాణానికి వడ్లు గోటితో ఒలుస్తారు కదా, మనమూ ఒలుద్దామంది నాన్నమ్మ. ఐదు కిలోలు ఎలా అవుతాయి, ఒక గుప్పెడు ఒలిచి మిగతా దాంట్లో కలిపాం. ఆ గుప్పెడుకే మా అందరికీ వేళ్ళు నొప్పి పుట్టాయి. వీధిలోవాళ్ళు కూడా వచ్చి తలా నాలుగు గింజలు ఒలిచి వెళ్ళారు.

గంపని బస్తా పెట్టి ఎత్తి చూశాం, ఒక పక్క బద్ద కిర్రుమంది. మేదరి ఆయన మళ్ళీ వచ్చి వైరు కాకుండా పచ్చి వెదురు తాళ్ళతోనే బిగించి వెళ్ళాడు. విస్తర్లు 40 మిగిలాయి. కూర తగ్గింది, అన్నం తగ్గింది, ఆకు తగ్గలేదు. శుభలేఖలో ఒక తప్పు దొర్లింది, చిన్నాన్న ఇంటి పేరు ముందు శ్రీ పెట్టడం నాన్నమ్మ మర్చిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు, చాలామంది ఆ కార్డు దాచుకుంటామని ఫోన్ చేశారు.

తెర సంగతి. చిన్నాన్న ఒక కొస, పెళ్ళికొడుకు మామయ్య ఒక కొస పట్టుకున్నారు. అబ్బాయి వైపు నాన్నమ్మ రాసిన తెలుగు. అతనికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వేలితో గాల్లోనే "శు" దిద్దుతూ కూర్చున్నాడని వాళ్ళ చెల్లెలు తర్వాత చెప్పింది. మా చెల్లి అత్తగారి అక్షరం చూస్తూ ఉంది. తెర దించగానే మన సన్నాయి మేళం, వాళ్ళ ఆడవాళ్ళు నాలుకతో చేసే మంగళధ్వని హుళహుళి ఒక్కసారి లేచాయి. బాసికాలు కదల్లేదు జయపురం పిల్లా, ముకుట పైన చక్కగా కూర్చుంది. అమ్మ ముందువరసలో కళ్ళు విప్పార్చుకుని చూసింది. పూలు డబ్బిచ్చి కట్టించాం కదా, రాత్రి పది గంటలకే ఆవిడని పడుకోబెట్టాం.

బరంపురం_కోడలు:
ఆ ఆఖరి మాట చదివి ఏడ్చేశాను చెల్లీ.

రాయగడ_రైల్వే:
అమ్మా, ఒకటి అడగనా. వైశాఖంలో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. అబ్బాయిది కోరాపుట్, ఒడియా వాళ్ళే. మా ఇంట్లో తెలుగు రాసే పెద్దవాళ్ళు లేరు, మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. నాన్నమ్మగారి అక్షరాలు గుచ్చిన ఆ కాగితం ఉందా?

పర్లాకిమిడి_అక్క:
ఉంది అన్నయ్యా. నాన్నమ్మని అడిగాను. పాత కాగితం వద్దు, మీ అమ్మాయి పేరు కూడా చెప్పు, కొత్తది రాసిస్తానంది. రేపు ట్రేసింగ్ పేపరు తెస్తాను. అడ్రసు మెసేజ్ పెట్టండి.